రాళ్లింజనూ, అంగుళం నీరూ

మా బావగారు నడిపిన ఇంజను బరువు ఖాళీగా పన్నెండు టన్నులు. ఆ సంగతి దాని పక్కన బిగించిన ఇత్తడి రేకు మీద ఇంగ్లీషులో ఉండేది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే గాని అంకెలు ఏ భాషలో ఉన్నా వదలను. అదే రేకు మీద కింది వరుసలో నీళ్ల ట్యాంకు కొలత కూడా ఉండేది, మూడు వందల గాలన్లని. ఇంజను పుట్టింది ఎక్కడో ఇంగ్లీషు సీమలో. మా అక్క పెళ్లయి ధవళేశ్వరం వచ్చేనాటికే అది ముసలిది.

రాజమండ్రి స్టేషనులో పెద్ద రైలింజన్లను చూసినవాళ్లకు ఇది ఇంజనులా కనిపించదు. వాటి పక్కన నిలబెడితే ఆవు పక్కన దూడలా ఉండేది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, అంతే. కొండ దగ్గర కొట్టిన నల్లరాయిని ఇనుప తొట్లలో గోదావరి ఒడ్డుకు చేర్చడం దాని పని. అందుకని అందరూ దాన్ని రాళ్లింజను అనేవారు.

నేను రాజమండ్రిలో ఒక కలప అడితిలో గుమస్తాను. ఐదో తరగతితో చదువు ఆగింది. దుంగ చుట్టుకొలత, పొడవు చూసి ఎన్ని ఘనపుటడుగులో చెప్పడం అడితిలోనే నేర్చుకున్నాను. నేర్పినవాళ్లు లేరు కాబట్టి నా పద్ధతులు కొన్ని బళ్లో చెప్పేవాటికి వేరుగా ఉంటాయి. జవాబు మాత్రం అక్కడికే వస్తుంది. పోను పోను అదొక అలవాటుగా మారింది. పడవ కనిపిస్తే ఎంత మునుగుతుందో, గడ్డిమేటు కనిపిస్తే ఎన్ని బళ్లకు వస్తుందో మనసులో వేసుకుంటాను. మా అక్క దీన్ని జబ్బు అనేది. "నా పెళ్లిలో గుండిగ చూసి పులిహోర ఎంతమందికొస్తుందో లెక్కేశాడండి మావాడు," అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. పులిహోర నేను చెప్పినంతమందికే వచ్చింది. ఆ మాట మాత్రం చెప్పేది కాదు.

ఆదివారాలు అడితికి సెలవు. రాళ్ల యార్డుకు పని జోరుగా ఉన్న నెలల్లో ఆదివారం ఉండేది కాదు. నేను ధవళేశ్వరం వెళ్లి అక్క ఇంట్లో భోంచేసి, సాయంత్రం దాకా ఇంజను షెడ్డు దగ్గర కాలక్షేపం చేసేవాణ్ణి.

ఆనకట్ట దిగువన నీరు నేలను కోసుకుపోకుండా రాళ్లు పేర్చి ఉంటాయి. ఏటా వరద వాటిలో కొన్నిటిని ఎత్తుకుపోతుంది. నీరు తీశాక మళ్లీ కొండ నుంచి రాళ్లు తెచ్చి ఆ గోతులు పూడ్చాలి. మరుసటి ఏడు మళ్లీ అదే. బావగారు తన ఉద్యోగం గురించి అడిగినవాళ్లకు, "గోదారి తింటుందండి, మేం వడ్డిస్తామండి," అనేవారు.

ఆయన మొదట బొగ్గు వేసే మనిషిగా చేరి తర్వాత డ్రైవరయ్యారు. నిప్పు వేసిన ఇంజనుకు స్టీము రావడానికి రెండు గంటలకు పైగా పడుతుంది కాబట్టి ఇంట్లో అందరికంటే ముందు లేచేవారు. కొండ నుంచి నదికి పల్లం. రాయితో దిగేటప్పుడు తొట్లు వెనకనుంచి తోసుకొస్తుంటాయి గనక లాగే పని ఉండదు, ఆపే పనే. ఇంజను బరువుకు మూడింతల రాయి దాని వీపు మీద పడకుండా ఒడ్డు దాకా తేవాలి. ఎక్కేటప్పుడు ఖాళీ తొట్లు, అది సులువు. ఇంజను దిగేటప్పుడు కష్టపడి ఎక్కేటప్పుడు తేలిక పడడం నాకు భలేగా ఉండేది. ఆ మాట అంటే బావగారు నవ్వి, "ఒక నెల బ్రేకు పట్టుకో బావా, భలేగా ఉందో లేదో నీ భుజం చెప్తుంది," అన్నారు.

ఈ ఇంజనుకు నీళ్లు వెనక వేరే పెట్టెలో ఉండవు. గుర్రం మీద జీను వేసినట్టు బాయిలరు వీపు మీదే ట్యాంకు కూర్చుని ఉంటుంది. పైన మూత, కింద పక్కన ఇత్తడి కుళాయి. నీళ్లు గోదావరివి. వరద రోజుల్లో ఎర్రగా వచ్చే ఆ నీళ్లను అలాగే పోస్తే బాయిలరులో ఒండ్రు పేరుకుని గట్టిపడిపోతుంది. ఇంట్లో వాడుకునే నీళ్లను చిల్లగింజ అరగదీసి తేర్చుకుంటాం కదా, క్వార్టర్స్‌లో ఆడవాళ్లు ఇంజను నీళ్లకూ అదే చేసేవారు. షెడ్డు పక్కన నాలుగు డ్రమ్ములు ఉండేవి. అక్క రాయి మీద గింజ అరగదీసి, ఆ గంధం డ్రమ్ములో కలిపి, కర్రతో తిప్పి వదిలేసేది. తెల్లారేసరికి అడుగున ఒండ్రు, పైన తేటనీరు. అది ఎవరూ చెప్పిన పని కాదు, జీతం ఉన్న పనీ కాదు. వంటింట్లో బిందె తేర్చాక డ్రమ్ములు తేర్చేది.

దానికి బదులు అన్నట్టు ఇంజను కూడా ఒకటి ఇచ్చేది. బాయిలరు వేడికి వీపు మీది ట్యాంకులో నీళ్లు సాయంత్రానికి కాగి ఉండేవి. మరీ కాగితే బాయిలరులోకి నీళ్లు ఎక్కించే పరికరం సరిగా పట్టదట. అందుకని పని అయ్యాక ఆ వేడినీళ్లు తీసేసి చల్లనివి పోసుకోవడం బావగారికీ మంచిదే. చలికాలం సాయంత్రాలు ఆడవాళ్లు బిందెలతో ఆ ఇత్తడి కుళాయి ముందు నిలబడేవారు. ముసలివాళ్లకు, బాలింతలకు స్నానాల నీళ్లు అక్కణ్ణుంచే వెళ్లేవి.

"నా ఇంజను వీళ్ల కంటికి స్నానాల కాగులా కనపడుతుందండి," అని బావగారు విసుక్కునేవారు.

"కాగుకైతే పిడకలు మేం పెట్టుకోవాలి. దీనికి బొగ్గు మీరే వేస్తారుగా," అనేది అక్క.

విసుక్కున్నా ఎవరినీ ఖాళీ బిందెతో పంపేవారు కాదు. చివర నిలబడినవాళ్లకు నీళ్లు అయిపోతే ఒక చెంబుడైనా వంచేవారు. పక్కింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకుండా కాస్త పంచదారో నాలుగు పచ్చిమిరపకాయలో వేసి ఇవ్వడం మా వైపు అలవాటు. ఆయనా అలాగే పెరిగిన మనిషి.

ఎనభైల మొదట్లో కొత్త బ్యారేజి పని ముగింపుకొచ్చింది. రాయి లారీల్లో రావడం మొదలైంది. ఇంజనుకు పని తగ్గి, తర్వాత లేకుండా పోయింది. చివరిసారి నిప్పు దించిన రోజు బావగారు కుళాయి తిప్పి ట్యాంకు చుక్క లేకుండా ఖాళీ చేశారు. నీరు నిలిస్తే ఇనుము తుప్పు పడుతుందని. తర్వాత ఆయనకు రిటైరయ్యేదాకా యార్డులోనే కాపలా పని ఇచ్చారు. రోజూ ఇంజను ముందునుంచి తిరిగేవారు గాని మళ్లీ దాని మీద కాలు పెట్టలేదు. అడిగితే, "నిప్పు లేని ఇంజనెక్కి ఏం చేస్తామండి," అన్నారు.

కొన్నాళ్లకు పాత పట్టాలు, తొట్లు, ఇంజను అన్నీ కలిపి పాత ఇనుము కింద తూకానికి వెయ్యాలని నిర్ణయమైంది. ఆ సంగతి విని, ద్రాక్షారామం వైపు కాలవ గట్టున మిషన్ వాళ్ల వృత్తి పాఠశాల ఉంటే, దాని హెడ్మాస్టరుగారు యార్డుకు వచ్చారు. తెల్ల చొక్కా, బట్టతల, నెమ్మది మనిషి. "స్టీమింజను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పీ చెప్పీ విసుగొచ్చిందండి. ఏ ఏడుకాయేడు నా బొమ్మ ఇంకా అధ్వాన్నంగా వస్తోంది. ఇది మాకిచ్చెయ్యండి, పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు," అన్నారు.

యార్డు చూసే కుర్ర ఇంజనీరుగారికి ఆ మాట నచ్చింది. పై ఆఫీసుల చుట్టూ తిరిగి ఒప్పించాడు. ఒక షరతు మీద ఇచ్చారు. ఆ వేసవి కాలవలు కట్టేలోపు, అంటే వాటికి నీరు ఆపేసేలోపు, స్కూలువాళ్లు ఇంజనును యార్డు దాటించుకోవాలి. లేకపోతే మిగతా ఇనుముతో పాటు అదీ ముక్కలై తూకానికి పోతుంది.

బావగారు ఆ సాయంత్రం నన్ను పిలిపించారు. "అక్కడికి చేరితే చాలు బావా. మళ్లీ నడవకపోయినా పర్లేదు. ఒక్క ముక్కగా చేరాలి," అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

రోడ్డు మీద తీసుకెళ్లే దారి లేదు. మధ్యలో ఉన్న పాత ఇటుక వంతెనలు ఆ బరువుకు ఆగుతాయని చెప్పే ధైర్యం ఇంజనీరుగారికీ లేదు, నాకూ లేదు. మిగిలింది కాలవ. రేవులో లారీలను దాటించే ఇనుప పంటు ఒకటి మాట్లాడాం. నలభై అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, చదునైన అడుగు. అలాంటి పంటు నీళ్లలో ఒక అంగుళం దిగాలంటే దాని మీద టన్ను పైన కాస్త బరువు పెట్టాలి. ఇది పెద్ద లెక్కేమీ కాదు. ఖాళీ పంటు పద్నాలుగు అంగుళాలు మునిగి ఉంది. ఇంజను, దాని కింద పరిచే పట్టాలు, దుంగలు కలిపితే ఇంకో పన్నెండు. మొత్తం ఇరవయ్యారు. ఇంజనీరుగారు తన పద్ధతిలో కట్టి చూసి అదే చెప్పాడు.

చిక్కు లెక్కలో లేదు, కాలవలో ఉంది. దారిలో ఒక వంతెన తక్కువ ఎత్తు. కాలవ నిండుగా ఉంటే ఇంజను పొగగొట్టం వంతెనకు తగులుతుంది. ఆ వంతెన దాటాక ఒక లాకు, అంటే పడవలను కింది నీటిమట్టానికి దించే తలుపుల గది. లాకు తలుపుల కింద అడ్డంగా రాతికట్టు ఉంటుంది, దాన్ని గడప అంటారు. కాలవ మరీ తగ్గితే పంటు అడుగు ఆ గడపకు తగులుతుంది. నీరు అడుగు తగ్గేదాకా ఆగాలి, రెండడుగులు తగ్గేలోపు వెళ్లిపోవాలి. కాలవలు కట్టే ముందు నీరు తగ్గిస్తూ వస్తారు కాబట్టి మాకు దొరికేది ఆ మధ్యలో ఒకటి రెండు రోజులు.

"ఆ పొగగొట్టం తీసేస్తే వంతెన గొడవే ఉండదు కదండీ," అన్నాడు పంటు నడిపే సరంగు. దాని బోల్టులు తుప్పుపట్టి ఒకటైపోయాయి. గ్యాసుతో కొయ్యాల్సిందే.

"పొగగొట్టం లేకపోతే అది ఇంజనెందుకవుద్దండి, డ్రమ్మవుద్ది," అన్నారు బావగారు. ఆ మాట అక్కడితో ఆగింది.

ఎక్కించే రోజు పొద్దున్నే నేను పంటు పక్కన ఇరవయ్యారు అంగుళాల దగ్గర సున్నంతో ఒక గీత గీశాను. నీరు అక్కడికి వస్తుందని నా నమ్మకం. మగవాళ్లమంతా ఒడ్డు నుంచి పంటు మీదికి పట్టాలు పరిచే పనిలో ఉన్నాం. షెడ్డు దగ్గర ఆడవాళ్లు ఇంజనుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయలు సిద్ధం చేస్తున్నారు. నేను ఒకసారి వెళ్లి చూస్తే ఇంజను కింద నేలంతా తడిగా ఉంది. పూజకు కడిగారనుకున్నాను. యార్డువాళ్లు స్కూలుకు ఇస్తున్నామని ముందు వారమే దానికి నల్లరంగు కొత్తగా వేశారు. తడి మీద ఎండ పడి ఇంజను మెరుస్తోంది.

గొలుసులతో బిగించి, ముందునుంచి లాగుతూ వెనకనుంచి ఆపుతూ, పంటు మీదికి దించాం. బావగారు గట్టు మీదనుంచే చేత్తో సైగలు చేశారు. ఇంజను పట్టాల చివర ఆగి, దుంగల అడ్డుతో కదలకుండా నిలబడ్డాక నేను వంగి గీత చూశాను. గీత కనపడలేదు. వేలు పెట్టి చూస్తే నీటికింద అంగుళం లోతున ఉంది.

పంటులో కారుడు ఉందేమోనని అడుగు పలకలెత్తి చూశాం. పొడిగా ఉంది. పట్టాల బరువు మళ్లీ వేశాను. పంటు కొలత మళ్లీ తీశాను. తప్పు దొరకలేదు. ఇంజనీరుగారు తల గోక్కుని, ఇంకా అంగుళం వెసులుబాటు ఉంది గనక బయల్దేరమన్నాడు.

"గుమస్తాగారి లెక్క కూడా తప్పుతుందేంటండి," అన్నాడు సరంగు, నవ్వు దాచుకోకుండా.

"వయసొస్తే ఎవరైనా ఒళ్లు చేస్తారు. ఇంజనూ చేసుంటుంది," అన్నారు బావగారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అక్క ఇంజను ముందు కాయ కొట్టి, చక్రం దగ్గర చలిమిడి ముద్ద పెట్టింది. అత్తారింటికి పంపే పిల్లకు చేసినట్టే చేసింది. మనుషులు గట్టు మీదనుంచి తాడుతో లాగుతుంటే, ఇద్దరు గెడలు వేస్తుంటే, పంటు కదిలింది. హెడ్మాస్టరుగారు, నేను పంటు మీద. బావగారు గట్టు వెంట నడిచారు. ఎంత పిలిచినా ఎక్కలేదు.

వంతెన కింద పొగగొట్టానికి నాలుగు వేళ్ల ఖాళీతో దాటాం. మూడు వేళ్లే ఉంటుందని నేను అనుకున్నాను. ఎక్కువ మునిగినందుకు అక్కడ మేలే జరిగింది. ఆ మేలుకు సంతోషించే స్థితిలో నేను లేను.

లాకు దగ్గరికి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. లాకు చూసే లస్కరు గట్టు మీద నిలబడి ఉన్నాడు. "పొద్దుటికంటే దిగిందండి. పైన గేట్లు దించేశారంట. పక్క తూము మూసి పెట్టాను గాని, పైనుంచి వస్తేగా," అన్నాడు. తలుపులు తీశాడు. పంటు మూతి లోపలికి వెళ్లింది. తర్వాత అడుగున ఇనుము రాయి మీద గీసుకున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. వెనక్కి తోసి మళ్లీ లాగితే మళ్లీ అక్కడే.

మనుషులం అందరం దిగాం. మిగులు దుంగలు, గొలుసులు, కప్పీలు గట్టుకు చేర్చాం. పంటు లేచింది గాని చాలలేదు. కొలకర్ర పెట్టి చూస్తే ఇంకా పావంగుళం కావాలి. అంతా కలిపి పావంగుళం. లస్కరు గోడ మీద కొలత చూసి, సాయంత్రానికి ఇంకో అంగుళం దిగిపోతుందన్నాడు. అప్పుడు పంటు ముందుకూ పోదు, వెనక్కీ పోదు. కాలవ ఎండిపోయి బురదలో కూర్చుంటుంది. దాన్ని అక్కణ్ణుంచి తీసే మార్గం పాతినుము కొట్టువాడికి ఒక్కడికే తెలుసు.

సరంగు పొగగొట్టం మాట మళ్లీ తెచ్చాడు. ఈసారి నవ్వులేదు. "ఆ పొగగొట్టం, డ్రైవరు మీది రేకు కప్పు కోసేసి గట్టున పడేస్తే తేలుద్దాండి?" అని నన్నడిగాడు.

నేను వేసి చూశాను. రెండూ కలిపి అర టన్నుకు కాస్త తక్కువ. తేలుతుంది. అందరూ నా మొహం చూస్తున్నారు. తేలదని చెప్పాలని ఉంది. లెక్క అలా రాలేదు. "తేలుతుందండి," అన్నాను.

హెడ్మాస్టరుగారు, "మాకు ఎలా ఉన్నా ఫరవాలేదండి. కానీ నిర్ణయం డ్రైవరుగారిది," అన్నారు.

బావగారు గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుని ఉన్నారు. "కోయించండి. మొత్తం పోయేదానికంటే నయం," అన్నారు. తలపాగా విప్పి మొహం తుడుచుకుని మళ్లీ చుట్టుకోలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దగ్గర ఊళ్లో గ్యాసు కటింగు చేసే మనిషి కోసం సైకిలు మీద ఒకతన్ని పంపాం.

ఆ సమయంలో అక్క రిక్షాలో వచ్చింది. మధ్యాహ్నం భోజనాలు లాకు దగ్గరికి తెస్తానని ముందే అనుకున్నదే. ఒక చేత్తో క్యారేజీ, ఇంకో చేత్తో మూతకు గుడ్డ కట్టిన బిందెడు మంచినీళ్లు. మా మొహాలు చూసి, "ఏంటి, ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు?" అంది.

"బరువు ఎక్కువైందక్కా. పావంగుళం తేలడం లేదు. పొగగొట్టం కోయిస్తున్నాం," అన్నాను.

అక్క ఇంజను వైపు చూసింది, నా వైపు చూసింది. "నీళ్లంత బరువుంటాయేంట్రా?" అంది.

"ఏం నీళ్లు?"

"ట్యాంకులో పోశాంగా. పొద్దున్నే క్వార్టర్స్ వాళ్లమంతా కలిసి నింపాం. మీరంతా రేవులో ఉన్నారు. ఇరవై మందిమి, తలా ఐదారు బిందెలు పోసుంటాం."

అందరం ట్యాంకు వైపు తిరిగాం. అక్క కాస్త గొంతు పెంచింది. "ఇన్నేళ్లు దాని దగ్గరికి బిందె పట్టుకెళ్తే ఒక్కనాడు ఖాళీగా పంపలేదు. అది ఊరు విడిచి వెళ్తుంటే కడుపు ఎండగట్టి పంపమంటారా? పక్కింటికి గిన్నె ఇస్తేనే ఖాళీగా ఇవ్వం."

మూడు వందల గాలన్లు. టన్నూ పావు పైన. నా గీత మీదికి వచ్చిన అంగుళం అదే. పొద్దుటినుంచి పంటును అనుమానించాను, పట్టాలను అనుమానించాను. ఇంజను ఖాళీ అన్న సంగతి మాత్రం మాలో ఎవరికీ అనుమానించాల్సిన విషయంలా కనిపించలేదు. ఖాళీ చేసింది బావగారే కదా.

బావగారు లేచారు. తలపాగా చుట్టుకున్నారు. పంటు మీదికి నడిచి, ఇంజను మెట్టు మీద కాలు పెట్టి ఎక్కారు. కిందికి వంగి కుళాయి తిప్పబోతే కొత్త రంగుకు అది అతుక్కుపోయి ఉంది. సుత్తి అడిగి పుచ్చుకుని, పిడికి అటొకటి ఇటొకటి మెల్లగా తగిలించారు. రంగు పెచ్చు ఊడింది. నీళ్లు వచ్చాయి.

నల్లరంగు మీద ఆ ఎండకు ట్యాంకు కాగి ఉంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. బావగారు దోసిలి పట్టి చూసి, గట్టు మీదున్న అక్కతో, "ఇదిగో, నీ స్నానాల కాగు," అన్నారు. లస్కరు, సరంగు, తాడు లాగేవాళ్లు అందరూ కాళ్లూ చేతులూ ఆ ధార కింద కడుక్కున్నారు. నేను పంటు పక్కన కూర్చుని గీత కోసం చూస్తున్నాను. ముందు నీళ్లలో తెల్లగా అలికినట్టు కనిపించింది. తర్వాత బయటికి వచ్చింది. ఆ తర్వాత గీత కింద తడి ఇనుము కూడా కనిపించింది. అందరం దిగి ఉన్నాం గనక అంతే రావాలి.

గ్యాసు కటింగు మనిషి రిక్షాలో సిలిండరు వేసుకుని వచ్చేసరికి ట్యాంకు సగం పైన ఖాళీ అయింది. అతనికి విషయం చెప్పి, భోజనం పెట్టి పంపాం. తిన్నాక ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మంచి ఇనుమండి. కొయ్యడానికి పొద్దుపోయేది," అని వెళ్లాడు.

ధార సన్నబడుతుంటే అక్కకు గుర్తొచ్చింది. "ఏవండీ, మొత్తం తీసెయ్యకండి. కాస్తైనా ఉంచండి."

"నీళ్లుంటే తుప్పు పడుతుందే. అడుగున చిల్లు పడితే ఇంకేం మిగులుద్ది?"

"అట్టే ఖాళీగా ఎలా పంపుతామండి?"

ఇద్దరూ నావైపు తిరిగారు. అంతసేపటిలో నాకు సంతోషంగా వేసుకోగలిగిన లెక్క అదొక్కటే. "అక్కా, నీ బిందెడు నీళ్లు పంటు మీద పెడితే కాగితం మందం దిగుతుంది. గడపకు ఇప్పుడు అంగుళం వెసులుబాటు ఉంది," అన్నాను. ట్యాంకులో కాకుండా, అక్క తెచ్చిన మంచినీళ్ల బిందెను అలాగే, గుడ్డ కట్టినది కట్టినట్టు, డ్రైవరు నిలబడే చోట పెట్టాం. బావగారు దాని పక్కనే నిలబడ్డారు. ట్యాంకు చుక్క లేకుండా తీశారు. లాగమని సరంగు కేక వేశాడు. పంటు చప్పుడు లేకుండా గడప దాటింది.

అక్కణ్ణుంచి స్కూలు దాకా ఆయన ఇంజను దిగలేదు.

స్కూలు దగ్గర గట్టుకు పట్టాలు వేసి, చైను కప్పీతో లాగి, మరుసటి రోజు ఇంజనును రేకుల షెడ్డు కిందికి చేర్చారు. ఆ పని నేను చూడలేదు, అడితికి వెళ్లాల్సొచ్చింది. ఆ రాత్రికే కాలవ కట్టేశారని తర్వాత విన్నాను. బావగారు రిటైరయ్యాక కూడా నెలకోసారి బస్సులో వెళ్లి, పాత గుడ్డ నూనెలో ముంచి కడ్డీలు తుడిచి, ట్యాంకు మూత తెరిచి లోపల చేత్తో తడిమి చూసి వచ్చేవారు. పిల్లలు అన్నీ పట్టుకు చూసేవారట. ఈల మాత్రం ఊడదీసి హెడ్మాస్టరుగారు బీరువాలో దాచారు. లేకపోతే పాఠాలు సాగవని.

ఇంజను చేరిన వారం రోజులకు హెడ్మాస్టరుగారు, వాళ్లావిడ ధవళేశ్వరం వచ్చారు. ఆ వేళ నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. ఆవిడ చేతిలో మా అక్క బిందె ఉంది, తోమి తళతళలాడుతోంది. నిండా మామిడిపళ్లు, పైన ఆకులు కప్పి. "మా స్కూలు తోటలోవండి. బిందె ఖాళీగా ఇవ్వకూడదని మా అత్తగారు కూడా అనేవారు," అందావిడ.

అక్క బిందెను రెండు చేతులా అందుకుని వంటింట్లో పెట్టింది. వాళ్లు వెళ్లాక పళ్లు చాటలోకి దింపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. పెదాలు కదిలాయేమో, అక్క పసిగట్టింది.

"లెక్కపెట్టకు. ఇచ్చినవాళ్లు లెక్కపెట్టి ఇవ్వలేదు," అంది.

తల తిప్పుకున్నాను. ఆ పళ్లు ఎన్నో నాకు ఇప్పటికీ తెలియదు.